32 నెలల తటస్థత: 1917లో అమెరికా యుద్ధంలోకి ఎలా వచ్చింది

పోటీ పరీక్షల గైడ్లలో మొదటి ప్రపంచయుద్ధం దగ్గర ఒక బిట్ తప్పకుండా కనిపిస్తుంది. అమెరికా యుద్ధంలో చేరడానికి తక్షణ కారణం? జవాబు: లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల నౌకను జర్మనీ ముంచడం. నేనూ అలాగే చదువుకున్నాను, అలాగే నమ్మాను. చాలా ఏళ్ల తర్వాత రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు గానీ తేడా తెలియలేదు. లూసిటానియా మునిగింది 1915 మే 7న. అమెరికా యుద్ధం ప్రకటించింది 1917 ఏప్రిల్ 6న. మధ్యలో 23 నెలలు ఉన్నాయి. 23 నెలలు ఆగిన కారణాన్ని తక్షణ కారణం అని ఎలా అంటాం?

పైగా ఆ 23 నెలల మధ్యలో ఒక ఎన్నిక జరిగింది. ‘మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు’ అన్న ప్రచారంతో వుడ్రో విల్సన్ 1916 నవంబరులో రెండోసారి అధ్యక్షుడిగా గెలిచాడు. అయిదు నెలలు తిరగకుండానే అదే మనిషి కాంగ్రెస్ ముందు నిలబడి యుద్ధం ప్రకటించమని కోరాడు. ఆయన ఓటర్లను మోసం చేశాడా? లేక పరిస్థితి చెయ్యి దాటిపోయిందా? ఒక దేశం తటస్థంగా ఉండడం నుంచి యుద్ధంలోకి ఎలా జారుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

1914 ఆగస్టు

యూరప్‌లో యుద్ధం మొదలైన రోజుల్లో అమెరికాలో దాదాపు అందరూ ఒకే మాట మీద ఉన్నారు: ఇది మన గొడవ కాదు. ఆగస్టు 4న విల్సన్ తటస్థత ప్రకటించాడు. రెండు వారాల తర్వాత, చేతల్లోనే కాదు, ఆలోచనలో కూడా నిష్పక్షపాతంగా ఉండాలని ప్రజలను కోరాడు. ఈ రెండో మాట వింతగా అనిపిస్తుంది గానీ, దాని వెనక గట్టి భయమే ఉంది. అప్పటి అమెరికా జనాభాలో సుమారు మూడో వంతు మంది వేరే దేశంలో పుట్టినవాళ్లు, లేదా తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అలా వచ్చినవాళ్లు. జర్మనీ నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు కలిపి 80 లక్షలకు పైగా ఉన్నారు. ఐర్లాండ్ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి బ్రిటన్ పేరెత్తితేనే మంట. రష్యా చక్రవర్తి జార్ హింసకు తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులు న్యూయార్క్ నిండా ఉన్నారు. జార్ బ్రిటన్, ఫ్రాన్స్‌ల మిత్రపక్షం వైపు ఉన్నాడు కాబట్టి, ఆ పక్షం గెలవాలని వాళ్లెందుకు కోరుకుంటారు? అమెరికా ఏ ఒక్క పక్షం వైపు మొగ్గినా యూరప్ యుద్ధం తన వీధుల్లోకే వచ్చేలా ఉంది.

మన దేశం పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. మనల్ని ఎవరూ అడగలేదు. బ్రిటన్ యుద్ధంలోకి దిగగానే భారతదేశం కూడా దిగినట్టే అయింది. సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. జనం భయపడి నగరం వదిలి పోయారు. ఆ సమయానికి అమెరికా తాను ఏ పక్షంలో ఉండాలో, అసలు ఉండాలో వద్దో ఎంచుకునే స్వేచ్ఛతో ఉంది. ఆ స్వేచ్ఛ ఎలా కొద్దికొద్దిగా కరిగిపోయిందన్నదే ఈ కథ.

డబ్బు ఎటు పారింది

విల్సన్ మొదటి విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయినవాడు, శాంతి అంటే ప్రాణం పెట్టేవాడు. యుద్ధం మొదలైన ఆగస్టులోనే ఆయన ఒక సంగతి పసిగట్టాడు. యుద్ధంలో శత్రువుకు చేరనివ్వని నిషిద్ధ సరుకులన్నిటిలోకీ డబ్బు చెడ్డది, ఎందుకంటే మిగతా సరుకులన్నీ దాని మాట వింటాయి అన్నాడు. యుద్ధం చేస్తున్న ఏ దేశానికీ అమెరికన్ బ్యాంకులు అప్పులివ్వడం తటస్థతకు విరుద్ధమని ప్రభుత్వం చేత చెప్పించాడు.

ఈ కట్టడి మూడు నెలలు కూడా గట్టిగా నిలవలేదు. అక్టోబరుకల్లా ‘అప్పు వేరు, సరుకు కొనుగోలుకు ఇచ్చే అరువు వేరు’ అన్న వాదన వచ్చింది. మన ఊళ్లో కిరాణా కొట్టువాడు ‘నేను అప్పివ్వను, ఖాతా మాత్రం రాసుకుంటాను’ అన్నట్టుగా ఉంది ఆ తేడా. కానీ ఆ వాదన ఊరికే పుట్టలేదు. యుద్ధం వార్తతో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ నెలల తరబడి మూతబడింది. పత్తి కొనేవాడు లేక దక్షిణాది రైతులు అల్లాడారు. యూరప్ కొనుగోళ్లు ఆగిపోతే దేశమంతా మునిగేలా ఉంది. అందువల్ల అమ్మకానికి తలుపు తెరిచారు, దాని వెనకే అరువుకు కూడా.

1915 జనవరిలో జె.పి. మోర్గాన్ కంపెనీ బ్రిటన్ తరఫున అమెరికాలో కొనుగోళ్లు చేసే ఏజెంటు అయింది. అదే ఏడాది అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి 50 కోట్ల డాలర్ల బాండ్లు అమెరికాలోనే అమ్మాయి. అప్పటికి బ్రయన్ పదవిలో లేడు, కట్టడీ లేదు. మిత్రరాజ్యాలతో అమెరికా వ్యాపారం 1914లో సుమారు 82 కోట్ల డాలర్లు ఉంటే, 1916కల్లా 320 కోట్లకు చేరింది. జర్మనీతో వ్యాపారం దాదాపు సున్నాకు పడిపోయింది. 1917 ఏప్రిల్ నాటికి మిత్రరాజ్యాలకు అమెరికన్లు ఇచ్చిన అప్పు సుమారు 230 కోట్ల డాలర్లు. జర్మనీకి ఇచ్చింది 2.7 కోట్లు.

చట్టం ప్రకారం చూస్తే అమెరికా తప్పు చేయలేదు. తటస్థ దేశంలోని వ్యాపారులు ఎవరికైనా అమ్ముకోవచ్చు. ‘వచ్చి కొనుక్కోండి, మీకూ అమ్ముతాం’ అని జర్మనీతో అనొచ్చు కూడా. కానీ జర్మనీ వచ్చి కొనుక్కోగల స్థితిలో లేదు. సముద్రం బ్రిటన్ చేతిలో ఉంది.

సముద్రం మీద

బ్రిటన్ 1914 నవంబరులో ఉత్తర సముద్రాన్ని యుద్ధ ప్రాంతంగా ప్రకటించింది. మందుపాతరలు పరిచింది. తటస్థ దేశాల ఓడలను ఆపి, తన రేవులకు తీసుకెళ్లి సోదా చేసింది. ఆహారాన్ని కూడా నిషిద్ధ సరుకుల్లో చేర్చింది. ఇది అప్పటి అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని అమెరికా నిరసన లేఖలు రాస్తూనే ఉంది. లేఖలు రాయడంతోనే ఆగింది.

దానికి జవాబుగా 1915 ఫిబ్రవరిలో జర్మనీ బ్రిటన్ చుట్టూ ఉన్న నీళ్లను యుద్ధ ప్రాంతంగా ప్రకటించింది. అక్కడ కనిపించిన శత్రు ఓడలను సబ్‌మెరైన్లు హెచ్చరిక లేకుండా ముంచుతాయని, తటస్థుల ఓడలకూ ప్రమాదం తప్పకపోవచ్చని చెప్పింది. అమెరికన్ల ప్రాణాలు పోతే జర్మనీని పూర్తి బాధ్యురాలిగా చూస్తామని విల్సన్ వెంటనే హెచ్చరించాడు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పాత నియమం ప్రకారం యుద్ధనౌక సరుకు ఓడను ఆపాలి, సోదా చేయాలి, మునగ్గొట్టే ముందు అందులో మనుషులను క్షేమంగా దింపాలి. పెద్ద యుద్ధనౌకకు ఇది సాధ్యమే. సబ్‌మెరైన్ మాత్రం చిన్నది, రేకు డబ్బాలా సున్నితమైనది. దాని బలమంతా దాగి ఉండడంలోనే ఉంది. పైకి తేలి ‘ఆగండి’ అని పిలిస్తే, ఆ సరుకు ఓడ మీద దాచిన చిన్న ఫిరంగి చాలు దాన్ని ముంచడానికి. బ్రిటన్ సరిగ్గా అలాంటి ఓడలనే మామూలు సరుకు ఓడల వేషంలో తిప్పింది కూడా. కాబట్టి ‘నియమం పాటించు’ అని జర్మనీని అడగడమంటే సబ్‌మెరైన్‌ను పక్కన పెట్టమనడమే. నియమం పాటించకపోతే పిల్లలూ తల్లులూ నీళ్లలో పోతారు.

బ్రిటన్ చేసిన తప్పుకు అమెరికన్ వ్యాపారి డబ్బు నష్టపోయాడు. దానికి తర్వాత పరిహారం అడగొచ్చు. జర్మనీ చేసిన తప్పుకు మనిషి ప్రాణం పోయింది. విల్సన్ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టనన్నాడు. ఈ వాదనలో బలం ఉందని నేను ఒప్పుకుంటాను. అయితే ఆహారం అందక జర్మనీలో మెల్లగా చనిపోయిన పిల్లలు ఏ అమెరికన్ పత్రిక మొదటి పేజీలోనూ లూసిటానియా స్థాయిలో కనిపించలేదు. ఆకలి చావుకు ఫోటో దొరకదు. తక్కెడ అక్కడ మొగ్గిపోయింది.

లూసిటానియా, ఒక రాజీనామా

1915 మే 1న లూసిటానియా న్యూయార్క్‌లో బయలుదేరిన రోజే, బ్రిటిష్ ఓడల్లో ప్రయాణించేవాళ్లు తమ ప్రమాదానికి తామే బాధ్యులని జర్మన్ రాయబార కార్యాలయం పత్రికల్లో ప్రకటన వేయించింది. వారం తిరక్కుండా ఐర్లాండ్ దక్షిణ తీరం దగ్గర యూ-20 అనే సబ్‌మెరైన్ ఒక టార్పెడో వదిలింది. అంత పెద్ద ఓడ 18 నిమిషాల్లో మునిగిపోయింది. దాదాపు 1,200 మంది చనిపోయారు, వాళ్లలో 128 మంది అమెరికన్లు. ఓడలో తుపాకీ తూటాల పెట్టెలు వేల సంఖ్యలో ఉన్న మాట కూడా నిజం.

అమెరికా ఉడికిపోయింది. కానీ యుద్ధం కావాలని అడిగినవాళ్లు తక్కువే. మూడు రోజుల తర్వాత ఫిలడెల్ఫియాలో విల్సన్, ఆత్మగౌరవం ఎక్కువ కాబట్టే కొట్లాటకు దిగని మనిషి కూడా ఉంటాడని మాట్లాడాడు. మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వంటివాళ్లు ఆ మాటను పిరికితనమని చీల్చి చెండాడారు. విల్సన్ మాత్రం జర్మనీకి లేఖల మీద లేఖలు రాశాడు, ఒక్కో లేఖలో స్వరం పెంచుతూ.

రెండో లేఖ దగ్గర బ్రయన్ ఆగిపోయాడు. ఆయన వాదన సూటిగా ఉంది. జర్మనీని ఇంత గట్టిగా నిలదీస్తే బ్రిటన్ దిగ్బంధాన్నీ అంతే గట్టిగా నిలదీయాలి. యుద్ధ సామగ్రి మోసే ఓడలు ప్రయాణికులను అడ్డం పెట్టుకుని తప్పించుకోలేవు, అది సైన్యం ముందు ఆడవాళ్లనూ పిల్లలనూ నిలబెట్టినట్టే. అమెరికన్లను అసలు ఆ ఓడలెక్కవద్దని చెప్పండి. విల్సన్ వినలేదు. పౌరులు తమకున్న హక్కును వాడుకోవద్దని సొంత ప్రభుత్వమే చెప్పడం అవమానమని ఆయన అనుకున్నాడు. జూన్‌లో బ్రయన్ రాజీనామా చేశాడు. పత్రికలు ఆయన్ను దేశద్రోహి అన్నంత పని చేశాయి. ఆయన స్థానంలో వచ్చిన రాబర్ట్ లాన్సింగ్ మనసులో మిత్రరాజ్యాల వైపే ఉన్నవాడు.

ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆపేది బ్రయన్ రాజీనామానే. 1916 మొదట్లో కాంగ్రెస్‌లో కొందరు ఆయన సలహానే తీర్మానాలుగా తెచ్చారు. ఆయుధాలున్న విదేశీ ఓడల్లో ప్రయాణించవద్దని పౌరులను హెచ్చరించాలన్నారు. విల్సన్ తన పలుకుబడినంతా వాడి వాటిని పక్కన పెట్టించాడు. దాదాపు 20 ఏళ్ల తర్వాత, 1930లలో అమెరికా చేసిన తటస్థత చట్టాల్లో సరిగ్గా అదే నిషేధం చేర్చారు.

తాళం చెవి బెర్లిన్ చేతికి

1916 మార్చి 24న ఇంగ్లిష్ చానల్‌లో ససెక్స్ అనే ఫ్రెంచ్ ప్రయాణికుల ఓడ మీద టార్పెడో పడింది. పదుల మంది చనిపోయారు, కొందరు అమెరికన్లు గాయపడ్డారు. ఈసారి విల్సన్ గడువు పెట్టినంత పని చేశాడు. ఇలాంటి దాడులు ఆపకపోతే దౌత్య సంబంధాలు తెంచుకుంటామన్నాడు. మే 4న జర్మనీ దిగివచ్చింది. హెచ్చరిక లేకుండా, మనుషులను కాపాడకుండా వాణిజ్య నౌకలను ముంచబోమని మాటిచ్చింది. దానికి ఒక షరతు తగిలించింది: బ్రిటన్ చేత కూడా అమెరికా నియమాలు పాటింపజేయాలి. విల్సన్ మాటను తీసుకున్నాడు, షరతును తోసేశాడు.

అప్పట్లో ఇది గొప్ప విజయంలా కనిపించింది. తొమ్మిది నెలలు సముద్రం కాస్త ప్రశాంతంగా ఉంది కూడా. కానీ జరిగిందేమిటో చూడండి. జర్మనీ మాట తప్పితే అమెరికా సంబంధాలు తెంచుకోక తప్పదు. తెంచుకున్నాక మరో ఓడ మునిగితే యుద్ధం తప్ప దారి లేదు. అంటే యుద్ధంలోకి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం వాషింగ్టన్ చేతిలోంచి బెర్లిన్ చేతిలోకి వెళ్లిపోయింది. ఎవరో ఒక చిన్న జర్మన్ లెఫ్టినెంటు తలచుకుంటే మనల్ని యుద్ధంలోకి లాగగలడని విల్సన్ వాపోయాడని ఆయన నౌకాదళ మంత్రి జోసెఫస్ డేనియల్స్ తర్వాత రాశాడు. ఆ సంగతి విల్సన్‌కు తెలుసు. తెలిసీ వెనక్కి తగ్గలేదు, ఎందుకంటే అప్పటికి అది దేశ గౌరవంతో ముడిపడిపోయింది.

విచిత్రం ఏమిటంటే, 1916 రెండో సగంలో విల్సన్‌కు జర్మనీ కంటే బ్రిటన్ మీదే కోపం ఎక్కువగా ఉంది. ఏప్రిల్‌లో లేచిన డబ్లిన్ తిరుగుబాటును అణచి, మేలో నాయకులను కాల్చి చంపడం ఐరిష్ అమెరికన్లను రగిలించింది. జులైలో బ్రిటన్ తనకు నచ్చని పదుల కొద్దీ అమెరికన్ కంపెనీలను నల్ల జాబితాలో పెట్టింది. నవంబరు ఎన్నికలో విల్సన్ చావు తప్పి గట్టెక్కాడు. కాలిఫోర్నియాలో 4,000 కంటే తక్కువ ఓట్ల ఆధిక్యం ఆయన్ను నిలబెట్టింది. గెలిచాక ఆయన చేసిన మొదటి పని శాంతి ప్రయత్నం. డిసెంబరులో రెండు పక్షాలనూ అసలు మీకేం కావాలో చెప్పండని అడిగాడు. 1917 జనవరి 22న సెనేట్‌లో ‘గెలుపు లేని శాంతి’ గురించి మాట్లాడాడు. ఆయన ఓటర్లను మోసం చేశాడని నేను నమ్మకపోవడానికి ఈ నెలలే కారణం. యుద్ధం కావాలనుకునే మనిషి ఇలా పరుగులు పెట్టడు.

మరో పక్క బ్రిటన్ ఖజానా అడుగు కనిపిస్తోంది. యుద్ధానికి రోజుకు పెట్టే 50 లక్షల పౌండ్లలో సుమారు 20 లక్షలు ఉత్తర అమెరికాలోనే వెతుక్కోవాల్సి వస్తోందని బ్రిటిష్ ఆర్థిక శాఖలో పనిచేస్తున్న జాన్ మేనార్డ్ కీన్స్ హెచ్చరించాడు. నవంబరు చివర్లో అమెరికా ఫెడరల్ రిజర్వ్, తాకట్టు లేని విదేశీ పత్రాలు కొనేముందు ఆలోచించుకోండని బ్యాంకులకు చెప్పింది. పౌండు కింద నేల కదిలింది. మరికొన్ని నెలలు అలాగే గడిస్తే బ్రిటన్‌కు అమెరికాలో సరుకు కొనే డాలర్లు ఉండేవి కావు.

జర్మనీ ఆ కొన్ని నెలలు ఆగలేదు.

జనవరి 9, ప్లెస్

1917 జనవరి 9న ప్లెస్ కోటలో జర్మన్ చక్రవర్తి కైజర్ ముందు జరిగిన సమావేశంలో జర్మన్ నౌకాదళం ఒక లెక్క పెట్టింది. అడ్డూ అదుపూ లేకుండా సబ్‌మెరైన్లను వదిలితే నెలకు 6 లక్షల టన్నుల ఓడలు ముంచుతాం, అయిదు నెలల్లో బ్రిటన్ తిండి లేక కాళ్ల బేరానికి వస్తుంది. అమెరికా యుద్ధంలోకి వస్తుంది కదా? రానివ్వండి. దానికి చెప్పుకోదగ్గ సైన్యం లేదు, తయారు చేసుకుని పంపేలోపు యుద్ధం ముగిసిపోతుంది. పైగా సరుకూ డబ్బూ ఎలాగూ మన శత్రువులకే పంపుతోంది, ఇంతకంటే కొత్తగా ఏం చేస్తుంది?

ఈ ఆఖరి వాదన దగ్గర డబ్బు కథ, సబ్‌మెరైన్ కథ కలుస్తాయి. అమెరికా తటస్థత నిజంగా రెండు వైపులా సమానంగా ఉండి ఉంటే, దాన్ని పోగొట్టుకోవడం జర్మనీకి పెద్ద నష్టంగా కనిపించేది. ఏ లాభమూ ఇవ్వని తటస్థత పోతే పోనీ అనుకున్నారు. ప్రధాని బెత్‌మన్ హోల్వెగ్ చాలాకాలం అడ్డుపడ్డాడు, ఆ రోజు ఓడిపోయాడు. బయట జర్మనీ జనం బంగాళాదుంపలు దొరక్క పశువులకు వేసే టర్నిప్ దుంపలు తింటున్నారు. ఆ చలికాలానికి ‘టర్నిప్ శీతాకాలం’ అన్న పేరే మిగిలింది. ఆకలితో ఉన్న దేశం తీసుకున్న నిర్ణయం అది.

జనవరి 31న జర్మన్ రాయబారి ఈ కబురు వాషింగ్టన్‌కు అందించాడు. మర్నాటి నుంచే అమలు. ఫిబ్రవరి 3న విల్సన్ సంబంధాలు తెంచుకున్నాడు. అప్పటికీ ఆయన యుద్ధం అనలేదు. జర్మనీ నిజంగా అంత పని చేస్తుందని నమ్మను, చేతల్లో చూపిస్తేనే నమ్ముతానన్నాడు.

ఒక తంతి

ఇంతలో ఒక టెలిగ్రామ్ బయటపడింది. జర్మన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ జిమ్మర్‌మన్ జనవరి 16న మెక్సికోలోని తన రాయబారికి పంపిన రహస్య సందేశం అది. ఒకవేళ అమెరికా తటస్థంగా ఉండకపోతే మెక్సికోతో పొత్తు పెట్టుకోండి, గతంలో పోగొట్టుకున్న టెక్సస్, న్యూ మెక్సికో, ఆరిజోనాలను తిరిగి తీసుకోవడానికి మన సాయం ఉంటుందని చెప్పండి, జపాన్‌ను కూడా కలుపుకోమనండి. ఇదీ సారాంశం.

ఆ తంతి ప్రయాణించిన దారి మరీ ఆశ్చర్యం. యుద్ధం మొదలవగానే బ్రిటన్ జర్మనీ సముద్ర కేబుళ్లను తెంచేసింది. శాంతి చర్చలకు పనికొస్తుందని అమెరికా తన దౌత్య కేబుల్‌ను జర్మనీకి వాడుకోనిచ్చింది. ఆ నమ్మకం మీదే అమెరికాకు వ్యతిరేకమైన సందేశం అమెరికా తీగ మీదుగా వెళ్లింది. ఆ తీగ లండన్ మీదుగా పోతుంది. బ్రిటిష్ నౌకాదళంలో సంకేతాలు విప్పే ‘రూమ్ 40’ దాన్ని పట్టుకుంది. కానీ పైకి చెబితే, తాము అమెరికా తీగలను వింటున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని మెక్సికో నగరంలో అదే సందేశం మరో ప్రతి సంపాదించి, అక్కడే దొరికినట్టు చూపించారు.

మార్చి 1న పత్రికలన్నిటిలో వచ్చింది. ఇది బ్రిటన్ సృష్టి అని చాలామంది అనుకుంటుండగా, రెండు రోజుల తర్వాత జిమ్మర్‌మన్ స్వయంగా నిజమేనని ఒప్పుకున్నాడు. మెక్సికో ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. అయినా యూరప్ యుద్ధం ఎక్కడో తూర్పు తీరం వాళ్ల గొడవ అనుకున్న పడమటి రాష్ట్రాలకు మొదటిసారి అది తమ పొలం గట్టు దాకా వచ్చినట్టనిపించింది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. మార్చి 15న రష్యా జార్ గద్దె దిగాడు, దాంతో ఇది ప్రజాస్వామ్యాలకూ రాచరికాలకూ మధ్య పోరాటమని చెప్పుకోవడానికి అడ్డం తొలగింది. మార్చి 18న మూడు అమెరికన్ ఓడలు మునిగాయన్న వార్త ఒకేసారి వచ్చింది. 20న మంత్రివర్గం ఏకగ్రీవంగా యుద్ధమే అంది. ఏప్రిల్ 2 రాత్రి విల్సన్ కాంగ్రెస్‌లో, ప్రపంచాన్ని ప్రజాస్వామ్యానికి క్షేమమైన చోటుగా చేయాలని చెప్పి, యుద్ధం అడిగాడు. సెనేట్‌లో 82 మంది అవునన్నారు, 6గురు కాదన్నారు. ప్రతినిధుల సభలో 373, 50.

ఆ కాదన్నవాళ్లను మరిచిపోకూడదు. బంగారం ఆజ్ఞ మీద మనం యుద్ధానికి పోతున్నామని నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నారిస్ సభలోనే అన్నాడు. మోంటానా నుంచి వచ్చిన జెన్నెట్ రాంకిన్ కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి మహిళ. సభలో అడుగుపెట్టిన వారంలోనే ఆమె ముందుకు ఈ ఓటు వచ్చింది. నా దేశం వెంట నిలబడాలని ఉంది గానీ యుద్ధానికి ఓటు వేయలేను అంది.

వడ్డీ కోసమా?

నారిస్ మాట 1930లలో మళ్లీ లేచింది. సెనేట్‌లో నై కమిటీ బ్యాంకర్ల, ఆయుధ వ్యాపారుల లెక్కలు తవ్వింది. మోర్గాన్ అప్పులు మునిగిపోకుండా చూడడానికే అమెరికా కుర్రాళ్లు చనిపోయారని జనం నమ్మారు. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. విల్సన్ బ్యాంకర్ల మాట విని యుద్ధం ప్రకటించాడనడానికి ఆధారం కనిపించదు. బ్రిటన్‌కు అప్పు పుట్టకుండా చేసే ఫెడరల్ రిజర్వ్ హెచ్చరికను ఇంకా కటువుగా మార్పించింది ఆయనే. బ్యాంకర్ల మనిషి ఆ పని చేయడు. డబ్బు అమెరికాను నేరుగా యుద్ధంలోకి నెట్టలేదు. జర్మనీ దృష్టిలో అమెరికా తటస్థతకు విలువ లేకుండా చేసింది. నెట్టిన చెయ్యి బెర్లిన్‌ది.

ఇక నౌకాదళం లెక్క సగం నిజమైంది. ఏప్రిల్‌లో 8 లక్షల టన్నులకు పైగా ఓడలు మునిగాయి. తర్వాత ఓడలను గుంపులుగా, కాపలాతో నడపడం మొదలయ్యాక నష్టం తగ్గుతూ వచ్చింది. లేదనుకున్న సైన్యం నిర్బంధ భర్తీతో తయారైంది. 20 లక్షల మంది ఫ్రాన్స్ చేరారు. సుమారు 1,16,000 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు, వాళ్లలో సగానికి పైగా రోగాలతో, ముఖ్యంగా ఇన్‌ఫ్లుయెంజాతో.

శాన్‌ఫ్రాన్సిస్కో, మద్రాసు

అమెరికా తటస్థంగా ఉన్నన్నాళ్లూ ఆ నేల మీద నుంచే మనవాళ్లు బ్రిటన్ మీద పోరాడారు. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా 1913లో పుట్టిన గదర్ పార్టీలో పంజాబీలే ఎక్కువ. కాలిఫోర్నియాలో చదువుకోవడానికి వెళ్లిన తెలుగువాడు దరిశి చెంచయ్య కూడా అందులో చేరాడు. జర్మన్ డబ్బుతో కొన్న వేల తుపాకులను ఆనీ లార్సెన్ అనే ఓడలో భారత విప్లవకారుల కోసం పంపబోతే, 1915లో అమెరికా అధికారులు పట్టుకున్నారు. బ్రిటన్‌కు ఆయుధాలు అమ్మడం వ్యాపారం, గదర్‌కు పంపడం నేరం. చట్టంలో ఆ తేడా ఉంది. అయినా కేసులు పెట్టడానికి అమెరికా తొందరపడలేదు. తాను యుద్ధంలోకి దిగాకే వాళ్లందరినీ కోర్టుకు ఎక్కించింది. 1917 నవంబరు నుంచి 1918 ఏప్రిల్ దాకా సాగిన ఆ విచారణలో మోపిన అభియోగం, అమెరికా తటస్థతను భంగపరిచే కుట్ర. అప్పటికి ఆ తటస్థత పోయి నెలలైంది.

ఏప్రిల్ 2 ప్రసంగంలోని ప్రజాస్వామ్యం మాటను మాత్రం మద్రాసులో శ్రద్ధగా విన్నారు. భారతదేశానికి స్వపరిపాలన కోరే హోమ్‌రూల్ లీగ్ గౌరవాధ్యక్షుడు ఎస్. సుబ్రమణ్య అయ్యర్‌కు అప్పటికి 70 ఏళ్లు దాటాయి. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. లీగ్ నాయకురాలు అనీ బిసెంట్‌ను ప్రభుత్వం నిర్బంధించిన 1917 జూన్‌లోనే, 24వ తేదీన, ఆయన నేరుగా విల్సన్‌కు లేఖ రాశారు. హాచ్‌నర్ అనే అమెరికన్ దంపతుల చేత ఆ లేఖను పంపారు. భారతదేశానికి స్వపరిపాలన ఇస్తామని మాటిస్తే మూడు నెలల్లో 50 లక్షల మంది, మరో మూడు నెలల్లో ఇంకో 50 లక్షల మంది యుద్ధానికి ముందుకొస్తారని అందులో రాశారు. సంగతి బయటపడ్డాక బ్రిటిష్ ప్రభుత్వం మండిపడింది. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు ఆయన్ను తీవ్రంగా తప్పుపట్టాడు. సుబ్రమణ్య అయ్యర్ క్షమాపణ చెప్పలేదు. తన ‘సర్’ బిరుదునూ, దివాన్ బహదూర్ బిరుదునూ ప్రభుత్వానికి వదిలేశారు.